సీమ ఇంజను మా బావికి వచ్చాక

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన పదేళ్లకు నేను నందిగామ దగ్గరి పల్లెకు కాపురానికి వచ్చాను. అప్పటికి మా బావికి ఎడ్లతో తోలి నీళ్లు తోడే మోటే దిక్కు. మోట తోలి తోలి మామయ్య నడుము వంగిపోయింది. అన్నానికి పీట మీద కూర్చోవాలన్నా గోడ పట్టుకోవాల్సిందే.

అది చూడలేక మావారు సీమ నుంచి ఓడలో వచ్చిన ఆయిల్ ఇంజను కొన్నారు. ఆ వారంలో ఒకరోజు మామయ్య పొద్దెక్కేదాకా పడుకున్నారు. అత్తయ్య గుమ్మంలో కూర్చుని కోళ్లను దూరంగా తోలుతోంది.

"లేపకే అమ్మాయీ. పెళ్లయిన కాణ్ణించీ ఈయన ఇంతసేపు నిద్రపోవటం ఇదే చూట్టం," అంది మెల్లగా.

ఒక ఏడాది మిరప పూత మీదున్నప్పుడు ఇంజను ఆగిపోయింది. లోపల ఇరుసు తిరిగే గొట్టంలాంటి కంచు బుష్ అరిగిపోయింది. పై దేశాల సరుకు రావడం లేదన్నారు బెజవాడ షాపులో. మామయ్య మళ్లీ మోటకు ఎడ్లు కట్టారు.

మావారు ఆ బుష్‌ను తువ్వాల్లో చుట్టుకుని జగ్గయ్యపేట బయల్దేరారు. మామయ్య నడుముకు తైలం కొనాలని నేనూ వెళ్లాను. అక్కడ ఇనుమూ కంచూ చెక్కే లేత్ మిషను పెట్టుకున్న సాయిబుగారు దాన్ని వెలుతురుకు పెట్టి తిప్పి తిప్పి చూశారు.

"ఇది చేసినాయన ఎవరోగానీ బాగా ఆలోచించాడండీ. లోపల ఈ మెలిక గాడి చూశారా? తిరుగుతుంటే నూనె అదే అంతటా పాకుద్ది."

"మీరు చెయ్యగలరా?" అన్నారు మావారు.

"అట్టాంటి గాడే కొట్టి చూస్తా. కుదరకపోతే మళ్లీ కొడతా."

మొదటిది బిగుసుకుపోయింది. రెండోది తిరిగింది. ఇంజను చప్పుడు వినగానే మామయ్య కాడి విప్పేసి, ఎడ్ల మెడలు నిమురుతూ నిలబడిపోయారు. మావారు అటు తిరిగి కళ్లు తుడుచుకున్నారు.

సాయిబుగారు ఆ గాడిని అంతటితో వదల్లేదు. బియ్యం మిల్లులకు చేసే బుష్‌లన్నిటికీ అదే కొట్టారు. మాటిమాటికీ ఆగే మిల్లులు నిలకడగా ఆడాయి. కొన్నేళ్లకు మన దేశంలో తయారైన ఇంజన్లే చుట్టుపక్కల ఊళ్లకు వచ్చాయి. మోట కింద ఒక మూల మాత్రమే తడిసే మా చేనంతా ఇంజను నీళ్లకు తడిసి, రెండో పంట కూడా చేతికొచ్చింది.

"ఎవరో ఎక్కడో పడ్డ కష్టం మన చేలో కాసింది," అనేవారు మావారు.

మామయ్య ఆఖరి ఏళ్లలో పొద్దున్నే మా పిల్లలను ముందు కూర్చోబెట్టుకుని, బడి వేళకు తలలు దువ్వేవారు. తన కొడుక్కి ఆ పని చేసే తీరిక ఆయనకు ఏనాడూ దొరకలేదు.