కాలిక్యులేటర్‌లో ఇరుక్కున్న లెక్కలు

మా ఆయన ప్రైవేటు సర్వేయరు. పొలం కొలిచేది ఆయన, పటమటలో మేడమీద ఆఫీసులో కంప్యూటర్ మీద ప్లాను గీసేది నేను. కాలవ పక్క పొలాలకు గట్లు తిన్నగా ఉండి చావవు. ఆ వంకర గట్ల లెక్కలకు ఆయన కాలిక్యులేటర్‌లో సొంతంగా ప్రోగ్రాములు రాసుకున్నారు. ఎక్కడైనా కాపీ పెట్టండి మహాప్రభో అంటే, "ఉంటాయిలేవే, ఎక్కడికి పోతాయి" అనేవారు. ఆయనే పోయారు, గుండెపోటుతో.

ఈ మధ్య ఆ కాలిక్యులేటర్ తెర మీద బ్యాటరీ గుర్తు వెలగడం మొదలైంది. పాత సెల్ తీసి కొత్తది వేసేలోపే మెమరీ చెరిగిపోయే రకం అది. ఆ లెక్కలు పోతే నేను ఆఫీసు మూసుకోవాల్సిందే. అందుకని వాటిని కంప్యూటర్‌లోకి లాగుదామని ఒక ఆదివారం పొద్దున కూర్చున్నాను.

కాలిక్యులేటర్‌తో వచ్చిన పాత సీరియల్ కేబుల్ మూతి ఇప్పటి ల్యాప్‌టాప్‌కు పట్టదు కాబట్టి మధ్యలో కన్వర్టర్ తగిలించాను. రెండు వైపులా స్పీడు ఒకటే పెట్టాను. పోర్టు నంబరు మార్చాను. కాలిక్యులేటరేమో పంపుతున్నానంటుంది, కంప్యూటరేమో ఏమీ రాలేదంటుంది. మధ్యలో నేను పిచ్చిదాన్ని.

అప్పుడొచ్చాడు మా మరిది. "ఫోన్‌లో యాప్ ఉంటది కదా వదినా, ఇంత తంటా ఎందుకు?"

ఒళ్ళు మండింది. "ఆ యాప్ మీ అన్నయ్య రాశారా?" అన్నాను.

అయినా ఊరుకోడే. "పోనీ సెల్ తీసి మళ్ళీ వేసి చూద్దాం. మా టీవీ రిమోట్ అట్లాగే బాగయింది" అంటూ చెయ్యి చాపాడు.

"కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడుద్ది. ముందు అక్కణ్ణుంచి లే" అని కాలిక్యులేటర్ లాక్కున్నాను. నొచ్చుకున్నాడు. నొచ్చుకోనీ.

లాక్కున్నప్పుడు కేబుల్ ఊడొచ్చింది. అప్పుడు కనిపించింది, దాని పిన్ను దూరే కన్నంలో పసుపు. దసరాకి మా ఇంట్లో పనిముట్లన్నింటికీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెడతారు. టేపుకీ, ప్రింటర్‌కీ, దేనికీ మినహాయింపు లేదు. పైన రాస్తే మీటలు పాడవుతాయని, పోయిన దసరాకి మా ఆయన, ఆ మహానుభావుడు, పక్కనున్న కన్నం మీద పెట్టారు. తడి పసుపు లోపలికి దిగి గట్టిపడిపోయింది. ఇక పిన్ను అడుగుదాకా ఎలా దిగుతుంది?

అరికాలి మంట నెత్తికెక్కింది. మరిది ఎదురుగా ఉన్నాడని కూడా చూడకుండా ఆయన్ని తిట్టాను. "మీకేమండీ, బొట్టు పెట్టి, దండం పెట్టుకుని చక్కగా వెళ్ళిపోయారు. ఇక్కడ నా చావు నేను చస్తున్నా. పెట్టడానికి మీకు ఈ కన్నమే దొరికిందా?"

అగ్గిపుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, తిట్టుకుంటూనే గీకాను. పసుపు పెచ్చులుగా రాలింది. కుంకుమ దూదికి అంటుకుంది. ఈసారి పిన్ను టక్కున దిగింది. ప్రోగ్రాములు ఒక్కొక్కటే కంప్యూటర్‌లోకి వచ్చాయి, వంకర గట్ల లెక్కతో సహా. సేవ్ చేసి, పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ పెట్టుకుని, అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను.

ఈలోపు మరిది బల్ల మీది దూదీ, పసుపు పెచ్చులూ ఒక కాగితంలోకి ఎత్తి చెత్తబుట్ట వైపు నడిచాడు.

"ఆగు. అది కింద పెట్టు" అన్నాను. "మీ అన్నయ్య వేలితో పెట్టిన బొట్టది."

"ఇందాక దానికేగా వదినా అంతలేసి తిట్లు తిట్టావు?"

"తిడతాను. నా మొగుణ్ణి నేను తిట్టుకుంటాను. నువ్వది పారెయ్యకు."