ప్రొద్దుటూరు ప్లాట్ల నడుమ మంద దావ

కడప నుంచి పులివెందులకు ఉదయం 6.05కు పోవలసిన బస్సు ఆ గురువారం 6.20కి కదిలింది. ఎండలు ముదురుతున్న రోజులు. నా గుడ్డ సంచిలో రెండు జతల బట్టలు, కొలత టేపు, చుట్టి పెట్టుకున్న ఒక నక్షా, పాత డైరీ ఒకటి ఉన్నాయి. ఈ ప్రయాణానికి కారణం ఆ డైరీలో నేనే రాసుకున్న రెండు మాటలు.

టౌన్ ప్లానింగులో సర్వేయరుగా పనిచేసి రిటైరయ్యాను. ఆ తర్వాత, తెలిసినవాళ్ళు అడిగితే ప్లాట్ల నక్షాలు గీసిచ్చేవాణ్ణి. అలా ప్రొద్దుటూరు అంచున, పెన్న ఒడ్డుకు పైగా ఉన్న భూమికి వెంకటసుబ్బయ్య అనే వ్యాపారి కోసం ఒక నక్షా గీశాను. రెండేళ్ళు తిరక్కుండా పులివెందుల పక్క పల్లె నుంచి పోస్టుకార్డు వచ్చింది. రాయించినవాడు ఓబులేసు, గొర్రెలు మేపే మనిషి. ఒకప్పుడు సర్వేకు పోయి వడగళ్ళ వానలో చిక్కుకున్నప్పుడు నన్ను తన గుడిసెలో కూర్చోబెట్టి పాలు కాచిచ్చినవాడు. కార్డులో నాలుగే వాక్యాలు: "మీరు గీసిన పటంలో మా దావ లేదంట. రాళ్ళు నాటినారు. మంద కదిలే దినాలు వచ్చినాయి. యాడ పోవల్లో మీరే చెప్పండి."

డైరీ తీసి చూశాను. ఆ భూమి కొలిచింది కార్తీకమాసంలో. "ఉదయం 9.20. భూమి ఖాళీ. తుమ్మచెట్లు రెండు. దారి లేదు" అని ఉంది. ఆ రోజు నేను చూసింది నిజమే. నడుములోతు గడ్డి తప్ప అక్కడ ఏమీ కనిపించలేదు. కానీ ఆ దారి ఏడాదిలో రెండు నెలలే ఉంటుంది. పులివెందుల మెట్ట పొలాల్లో మేత అయిపోయాక మందలు పెన్న ఇసుక దాటి, ఆ భూమి మీదుగా, వరి కోసిన కాలువ కింది పొలాలకు పోతాయి. అక్కడి రైతు తన చేలో రాత్రిళ్ళు మంద నిలుపుకుంటాడు. గొర్రెల పెంటతో నేల బలపడుతుంది. రైతు కాపరులకు తిండి పెట్టి, ధాన్యం ఇస్తాడు. ఆ పొలాల బియ్యమే ప్రొద్దుటూరు తింటుంది. మంద నడిస్తేనే కనబడే దారిని మంద లేనప్పుడు వెతికి, లేదని రాసిచ్చాను.

8.40కి పులివెందులలో దిగి, ఆటోలో ఓబులేసు ఊరికి పోయాను. అతను మందతో బయలుదేరి వారమైందట. భార్య మద్దమ్మ వాకిట్లో మేకపిల్లకు ఆకు వేస్తూ నన్ను పోల్చుకుంది.

"ఇప్పుడొస్తివా అప్పా! జీవాలు జమ్మలమడుగు కాడికి చేరింటాయి."

"ఆ రాళ్ళు తప్పించుకుని ఇంకో దారి లేదా తల్లీ?" అన్నాను.

"ఉండాది. పడమటి ఊరి చెరువు మింద. మా ఇంటాయన ఆ ఊరోళ్ళ మింద కేసులో సాచ్చికం చెప్పినాడు. ఆ దావన పోతే మంద వస్తాది గానీ మనిషి రాడు."

ఆ ఏళ్ళలో మా జిల్లాలో మనుషులు ఊరి పేరు చెప్పేముందు ఎదుటివాడి ముఖం చూసేవారు. ఏ దారిన పోవాలన్నది దూరాన్నిబట్టి కాక పార్టీనిబట్టి తేల్చుకునేవారు. మద్దమ్మ సంగటి, చెనక్కాయల ఊరుబిండి పెట్టింది. "ఈడ మేత లేదు, నీళ్ళు లేవు. మంద తిరుక్కోనొస్తే సగం జీవాలు కటికోనికే" అంది. తిన్న పళ్ళెం కడగబోతే లాక్కుంది.

తిరిగి పులివెందుల బస్టాండుకు 12.40. చీనీకాయల లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు బస్సు 1.10కి దొరికింది. పక్క సీట్లో ప్రొద్దుటూరు బట్టల శెట్టి ఒకాయన, ఒళ్ళో చీరల మూట. పెళ్ళిళ్ళ కాలానికి ముందు పల్లెలు తిరిగి వస్తున్నాడు.

"మా ఊరు పెద్దదైపోతాందప్పా," అన్నాడు సంతోషంగా. "యాడ జూసినా ప్లాట్లే."

"చీరలు కొనేదెవరు?"

"ఇంకెవురు, పల్లెటోళ్ళే. పంట లేని ఏడు అంగట్లో నేనూ ఈగలూ." తనే నవ్వాడు. తర్వాత కాసేపు కిటికీలోంచి చూసి, "పొలాలన్నీ ప్లాట్లయితే చీరెలు ఎవురికి అమ్మల్లో" అని మూట సర్దుకున్నాడు. ఆ సంగతి మాట్లాడే సభలు చాలానే విన్నాను, ఇంత పొట్టిగా ఎవరూ చెప్పలేదు.

దారిలో ఒక ఊళ్ళో బస్సు రెండుసార్లు ఆగింది, నూరు గజాల ఎడంతో. మొదటి చోట దిగినవాళ్ళు ఒక పార్టీ, రెండో చోట దిగినవాళ్ళు ఇంకొకటి. డ్రైవరును అడిగితే, "రెండు నిమిషాలు పోతే పోయినాయి సార్, అందరూ ఇండ్లకు చేరతారు గదా" అన్నాడు.

జమ్మలమడుగు 3.35. మంద మూడు రోజుల కిందటే సాగిపోయిందని ఏటి ఒడ్డున బట్టలు ఉతికేవాళ్ళు చెప్పారు. పొద్దు వాలాక బస్సెక్కవద్దని టీ అంగడి మనిషి హెచ్చరించడంతో బస్టాండు పక్క లాడ్జిలో ఉండిపోయాను. గది చిన్నదే కానీ దుప్పటి శుభ్రంగా ఉంది. ఈ దారిన వచ్చేవాళ్ళు నిర్భయంగా దిగవచ్చు.

శుక్రవారం 6.30 బస్సుకు ప్రొద్దుటూరు 7.25. కారం దోశ తిని, టీ తాగి, పెన్న వైపు నడిచాను. ఏటి ఒడ్డున ఊరి చెత్త కుప్పలు పోసి ఉన్నాయి. నేను నౌకరీలో చేరిన కొత్తలో ఈ చెత్తే ఎరువై పల్లెలకు బండ్లలో పోయేది. ఆ బండ్లే తిరిగి వరిగడ్డి తెచ్చేవి. ప్లాస్టిక్ కలిసినప్పటి నుంచి రైతు వద్దంటున్నాడు.

మంద ఇసుకలో పడుకుని ఉంది. కాపరులు తవ్విన చెలమల్లో నీళ్ళు అడుగంటాయి. ఓబులేసు నన్ను చూసి లేచాడు కానీ నవ్వలేదు.

"పటం గీసిన సారూ, మా గొర్లు యాడుండాయి మీ పటంలో?"

"లేవు ఓబులేసూ. తప్పు నాదే."

ఆ మాటకు అతను మెత్తబడి, కండువాతో ఒక బండరాయి దులిపి కూర్చోమన్నాడు. "రెండు దినాలయింది ఈడ పడి. ఈ నీళ్ళు రేపటిదాంకా రావు. మాపటికి దావ లేకుంటే ఎనిక్కి పోవల్ల, లేకుంటే ఆ ఊరి మింద పోవల్ల. పోతే నేనే ముందు నడవల్ల గదా?"

ఇద్దరం ఒడ్డెక్కాం. ప్లాట్ల హద్దురాళ్ళు మూడు వరసలుగా ఉత్తరానికి సాగాయి. వాటి కింద పాత దారి ఇప్పుడు నాకు తేటగా కనిపించింది: ఏళ్ళ తరబడి పెంట పడిన చోట గడ్డి మొదళ్ళు ఒత్తుగా, నేల నల్లగా, రెండు తుమ్మచెట్ల మధ్యగా. గొడుగు కింద కూర్చున్న కాపలా ముసలాయన కర్ర ఎత్తాడు.

"ఓబులేసూ, ఒగ రాయి కదిలినా నా నౌకరీ పాయె. దండం పెడతా, జీవాల్ని తోలొద్దు."

"నీ రాళ్ళను మా గొర్లు మేయవులే మామా," అన్నాడు ఓబులేసు.

టేపు తీసి కొలుస్తుంటే ఒక సంగతి గమనించాను. తూర్పు వరస రాళ్ళకు ఒక రంగు, పడమటి వరసకు ఇంకో రంగు పూసి ఉంది. నడిమి వరస రాళ్ళకు రంగే పూయలేదు. ఎందుకని కాపలాయనను అడిగాను.

"తూరుపు వరస వీళ్ళ పార్టీ కొనె. పడమర వాళ్ళ పార్టీ కొనె. నడిమిది ఎవురు కొంటారు సామీ? ముందు వాకిలి తెరిస్తే వీళ్ళు, ఎనక వాకిలి తెరిస్తే వాళ్ళు. కాపరం జేసేదెట్ల?"

కొలత తీసి డైరీలో రాసుకున్నాను. నడిమి వరస దక్షిణాన ఏటి ఒడ్డుకు, ఉత్తరాన పొలాల బాటకు తగులుతోంది. మందను తమ్ముడికి అప్పజెప్పి ఓబులేసు నాతో ఊళ్ళోకి బయలుదేరాడు.

11.15కు వెంకటసుబ్బయ్య అంగడికి పోయాను. మజ్జిగ ఇప్పించాడు. విషయం విని తల అడ్డంగా ఊపాడు.

"దారి లేదని నువ్వే గదప్పా రాసిచ్చినావు?"

"నేనే. తప్పు రాశాను. ఆ తప్పును రాతలోనే దిద్దడానికి వచ్చాను."

"తూర్పు రాయి జరిపితే వాళ్ళొస్తారు, పడమటి రాయి జరిపితే వీళ్ళొస్తారు. నాకుండేది ఒకటే తలకాయ."

అతను చెడ్డవాడు కాదు. ఇద్దరికీ అమ్మి ఇద్దరికీ భయపడుతున్నాడు. "ఏ రాయీ జరపొద్దు," అన్నాను. "నడిమి వరస అమ్ముడుపోయిందా?"

అతను గ్లాసు కింద పెట్టాడు. నక్షా పరిచి చూపించాను. ఆ వరసను దారిగా వదిలేస్తే రెండు పక్కలవారికీ మధ్య ఎడం ఉంటుంది. ఎడం ఉందంటే మిగిలిన ప్లాట్లలో ఇళ్ళు కట్టుకోవడానికి జనం జంకరు. వెంకటసుబ్బయ్య చాలాసేపు నక్షా చూసి, "గొర్లకు పార్టీ లేదు గదా?" అన్నాడు. అడిగింది నిజంగానే.

"ఏడాదికి రెండుసార్లు పోతాయి, పోయేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి. ఎవరి వాకిలీ తట్టవు."

"సరే, ఈ ఏటికి పోనీ."

"ఈ ఏటికి కాదు. నక్షాలో ఎక్కాలి, మీరు సంతకం చెయ్యాలి. నోటిమాట మీద ఉన్న దారిని నాలాంటివాడే ఒకడు వచ్చి లేదని రాసిపోతాడు."

రెండు పార్టీల వారిని అడగకుండా పెన్ను పట్టనన్నాడు. కబురు పోయింది. ఒకరు నాలుగింటికి, ఇంకొకరు అయిదింటికి, ఎదురుపడకుండా వచ్చారు. నాలుగింటి మనిషి నక్షా వంక చూడకుండానే, "దావ పెట్టుకోండి, మా పక్కకు వాకిండ్లు మాత్రం తెరవగూడదు" అన్నాడు. అయిదింటి మనిషి కుర్చీలో కూర్చుని అదే మాట అన్నాడు. మొదటాయన కూడా అదే అన్నాడని వెంకటసుబ్బయ్య పొరపాటున నోరు జారితే ఆయనకు కోపం వచ్చింది, ఇంకో షరతు చేర్చబోయి ఏమీ తోచక లేచిపోయాడు.

వరస మొత్తం ఇవ్వలేనని వెంకటసుబ్బయ్య అనడంతో వెడల్పు దగ్గర కొంత బేరం నడిచింది. మంద తొక్కిడి లేకుండా నడవాలంటే ముప్పై అడుగులు కావాలన్నాను. వెంకటసుబ్బయ్య పదిహేను అన్నాడు. గుమ్మంలో నిలబడ్డ ఓబులేసు, "పదైదయితే గొర్లు ఒగదాని మింద ఒగటి పోవల్ల శెట్టీ, అవి మీ మాదిరి మిద్దెలు కట్టుకోవు" అనేసరికి అంగట్లో అందరూ నవ్వారు. ఇరవై నాలుగు దగ్గర ఆగాం. గల్లా బల్ల మీదే కొత్త నక్షా గీశాను. నడిమి వరసలో "గొర్రెల మంద దారి. మూయరాదు" అని రాశాను. కింద, "కార్తీకమాసంలో ఈ భూమి కొలిచి దారి లేదని రాసింది నేనే, అది పొరపాటు" అని రాసి నేను ముందు సంతకం చేశాను. తర్వాత వెంకటసుబ్బయ్య చేశాడు. మూడు ప్రతులు: ఆయనకొకటి, పట్టణ ప్లానుతో పాటు దాఖలు చేయడానికొకటి, మూడోది ఓబులేసుకు. అతను దాన్ని మడిచి తలపాగాలో పెట్టుకున్నాడు.

శనివారం 6.40కి మంద ఒడ్డెక్కింది. ముందు ఓబులేసు, వెనక అతని తమ్ముడు. గొర్రెలు మొదట తుమ్మచెట్ల వైపు, తమ పాత దారికే మళ్ళాయి. కాపలా ముసలాయన గొడుగు మూసి, దాన్నే కర్రలా అడ్డం పట్టుకుని, "ఇట్ల పోండమ్మా, ఇట్ల" అని నడిమి వరసలోకి తిప్పాడు. దుమ్ము లేచింది. ఒక్క రాయీ కదల్లేదు. 7.10కి చివరి గొర్రె పొలాల బాట అందుకుంది. ఓబులేసు వెనక్కి తిరిగి, "కాలవ కాడికొస్తే పాలు కాసిస్తా సారూ" అని అరిచాడు.

నేను దువ్వూరు మీదుగా మైదుకూరు పోయే 9.15 బస్సు పట్టుకున్నాను. ఊరు దాటగానే, రోడ్డు పక్క కోసిన వరిచేలో మంద పరుచుకుని కనిపించింది. గట్టు మీద ఒక రైతు నీళ్ళ కుండ దించుతున్నాడు. ముందు సీట్లో ఆమె తన పక్కనామెతో, "ఆ మంద ఏ పార్టీవాళ్ళదో" అంది. పక్కనామె, "యా పార్టీదైతే ఏందక్కా, ఎరువు చేనికే గదా" అంది.

మైదుకూరులో బస్సు మారి కడప చేరేసరికి మధ్యాహ్నం 12.50. పట్టణం పెరగడం తప్పదు, తప్పు కూడా కాదు. నేను జీవితమంతా దాని హద్దులు కొలిచి బతికినవాణ్ణే. కాకపోతే హద్దు గీసేవాడు ఆ నేలను ఒక్క రోజు చూసి వదలకుండా ఏడాది పొడుగునా అడగాలి, దాని మీద నడిచేవాళ్ళను కూడా అడగాలి. అది ఆలస్యంగా నేర్చుకున్నాను. ప్రొద్దుటూరులో ఈసారి దారి దొరికింది ఇరుగుపొరుగుల భయం వల్ల. అందుకు నాకు సంతోషమూ ఉంది, దిగులూ ఉంది. అక్కడ ఇళ్ళు లేచాక రెండు వరసలూ ఆ దారికి వీపులు తిప్పుకునే ఉంటాయి. మంద పోతున్నప్పుడు పిల్లలు చూసేందుకు ఒక్క ఇల్లయినా అటువైపు తలుపు పెట్టిందని తెలిస్తే, ఆ రోజు మళ్ళీ బస్సెక్కుతాను.