మొక్కుకోడి గుడ్డు పెట్టింది

మిరప చేలో మందు కొట్టి వచ్చిన రోజే మా ఆయనకు ఆయాసం పట్టుకుంది. గుంటూరు తీసుకెళ్లి, బ్రాడీపేటలో డాక్టరుకు చూపించి, మనిషిని ఇంటికి తెచ్చుకునేసరికి నాలో సత్తువ లేకుండా పోయింది. వచ్చి చూస్తే మా అత్తగారు అప్పటికే పోలేరమ్మకు మొక్కేశారు, కొడుకు బతికి బయటపడితే ఊరి జాతర కొలుపుల్లో పుంజును బలి ఇస్తానని. అదీ కొన్న పుంజు కాదు, మా దొడ్లో పొదిగిన పుంజు. మొక్కేది ఆవిడ, పెంచేది నేను. నూకలు చల్లడం, గంప కింద మూయడం అన్నీ నా నెత్తినే పడ్డాయి.

మా కోళ్లు ఒకప్పుడు అచ్చమైన నాటువి. ఎవరో తెచ్చిన ఫారం పుంజొకటి వీధిలో చేరింది, అంతే, జాతులన్నీ కలిసిపోయాయి. నాటు పిల్లలైతే నెలన్నర తిరిగేసరికి పుంజుకు నెత్తిన జుట్టు ఎర్రబడుతుంది, పెట్టకు చిన్నగా పాలిపోయి ఉంటుంది. ఈ కలగాపులగం పిల్లల్లో పెట్టలకూ జుట్టు ఎర్రగానే లేస్తోంది, కాళ్లూ లావుగానే ఉంటున్నాయి.

మా అత్తగారికి అవేవీ పట్టవు. పిల్లను మెడ వెనక పట్టి పైకెత్తుతారు. కాళ్లు వేలాడేస్తే పుంజు, ముడుచుకుంటే పెట్ట. చూపు మసకేసినా చేత్తో తడిమి చెప్పేవారు. ఊళ్లో ఆడవాళ్లు కోడిపిల్లలను చెంగులో పెట్టుకొని ఆవిడ దగ్గరికే వచ్చేవారు. అలాగే ఒక ఎర్రపిల్లను ఎంచి కాలికి పసుపుదారం కట్టారు. ఇక అది అమ్మవారి సొత్తు. ఆరబోసిన మిరపకాయల మీదికెక్కి రెట్ట వేసినా అదిలించడానికి లేదు.

పెరిగేకొద్దీ నాకు అనుమానమే. మెడ ఈకలు పుంజుకు వచ్చినట్టు కోసుగా రాలేదు, గుండ్రంగానే ఉన్నాయి. కూతా లేదు.

"అత్తయ్యా, ఇది పెట్టలా ఉందండీ" అన్నాను.

"నోర్ముయ్యవే! అమ్మ కోడిని పట్టుకొని ఆ మాటలేంటి? వాడికేమన్నా అయితే?" అని కసిరారు.

చాకిరీ చేసి మాట కూడా పడాలా అని ఏడుపొచ్చింది.

కొలుపులు దగ్గరపడ్డాక, పత్తికట్టె మోపు పక్కన ఆ మహాతల్లి గుడ్డు పెట్టింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది మా పని. గుడ్డు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. ఇంకా వెచ్చగానే ఉంది. తిడతారనుకున్నాను. దాన్ని చాలాసేపు అటూఇటూ తిప్పి, "కళ్లే పోయినయ్యనుకున్నా, చెయ్యి కూడా పోయిందే" అన్నారు. పక్కింటామె తన పుంజును ఇస్తానన్నా ఒప్పుకోలేదు. "వచ్చే ఏడు ఇస్తాలే తల్లీ, అప్పటిదాకా వాణ్ణి చల్లగా చూడు" అని గుడి వైపు తిరిగి దణ్ణం పెట్టుకున్నారు.

తర్వాత పొదిగిన పిల్లలను గంప కింద నుంచి తీసి నా ఒళ్లో వేశారు. "ఈసారి నువ్వు చూడవే."

ఒకదాన్ని మెడ వెనక పట్టి ఎత్తాను. ఒక కాలు వేలాడింది, ఇంకోటి ముడుచుకుంది. లోపల మా ఆయన దగ్గుతున్నారు. ఆవిడ దారం చేత్తో పట్టుకొని, నా మాట కోసం చెవి పెట్టి కూర్చున్నారు. నాకీ మొక్కుల మీద నమ్మకం లేదు. అలసిపోయి ఉన్నాను, ఏదో ఒకటి చెప్పి లేవాలనిపించింది.

"పుంజేనండీ" అన్నాను.

ఆవిడ దారం కట్టేశారు. ఆ రోజు నుంచి నమ్మకం లేని నేనే, పొద్దున లేస్తూనే ముందు గంప ఎత్తి దాని మెడ ఈకలు చూసి, ఆ తర్వాతే మా ఆయన దగ్గరికి వెళ్తున్నాను.