మామిడికాయల దొంగ నడినెత్తి

మా ఆయనకి ఫోనే కోర్టు. పొద్దున్నే కాఫీ పక్కన పెట్టుకుని మా నూజివీడు చుట్టుపక్కల మామిడి రైతుల వాట్సాప్ గ్రూపు తెరుస్తారు. గట్టు తగాదా అయినా, ఆటోవాడు ఎక్కువ అడిగినా, తీర్పు చెప్పాకే టిఫిన్ ముట్టుకుంటారు. ఇంట్లో ఏం కూర వండమంటారని అడిగితే మాత్రం "నీ ఇష్టం" అంటారు.

ఈమధ్య వేసవిలో ఒకరోజు గ్రూపులో ఒక ఫొటో పడింది. లుంగీ కట్టుకున్న మనిషి ఒకడు మనకి వీపు పెట్టి, వంగిన కొమ్మ నుంచి గోనెసంచిలోకి కాయలు కోస్తున్నాడు. కింద "నిన్న తెల్లారగట్ల రోడ్డు మీద నుంచి తీశాను. దొంగ" అని రాసుంది. ఏ తోటో ఎవరూ అడగలేదు. మా ఆయన అందరికంటే ముందు అందుకున్నారు: "ఇలాంటివాణ్ణి చెట్టుకి కట్టేయాలి." దానికి వచ్చిన బొటనవేళ్లన్నీ నాకు చూపించి మురిసిపోయారు.

మధ్యాహ్నానికి దొంగకి పేరు కూడా పెట్టేశారు. మా తోటల్లో కోతలకి వచ్చే ఒక కూలీ కట్టే లుంగీ కూడా ఇలాగే ఉంటుందని ఎవరో అన్నారు. అంతే, "అతనే, అతనే" అని తలా ఒక మాట. ఈ సీజన్లో అతన్ని ఎవరూ కోతకి పిలవద్దని ఒకరు రాశారు. బండి తీస్తున్నాం, ఇంటికెళ్లి అడుగుతాం అని ఇద్దరు కుర్రాళ్లు రాశారు. ఆ అడగడం ఎలా ఉంటుందో అందరికీ తెలుసు.

నేను పెరట్లో కూర్చుని ఆవకాయకి కాయలు తుడుస్తుంటే ఆ కూలీ భార్య వచ్చింది. ఎవరో ఆ ఫొటో వాళ్ల ఫోన్‌కి పంపారట.

"మీరే చూడండి అమ్మగారూ, మా ఆయన నిన్న ఇక్కడ లేడండి. ఉంగుటూరులో మా ఆడపడుచు ఇంటికెళ్లాడు. కోతలకి పిలవకపోతే మేం ఏం తినాలండీ?"

ఆమె ఫోన్ తీసుకుని ఫొటోని వేళ్లతో పెద్దది చేశాను. నడినెత్తి మీద గుండ్రటి బట్టతల. ఆ కూలీదేమో ఒత్తు జుట్టు. ఈ బట్టతలకి మాత్రం ప్రతి ఆదివారం నేనే నూనె రాస్తాను.

ఒళ్లో ఉన్న కాయలకేసి చూశాను. మేం పూత మీదే తోటని వ్యాపారికి అమ్మేశాం. అమ్మాక ఆ సీజన్ కాయంతా కొన్నవాడిదే, పచ్చడికి కావాలన్నా అడిగే కోసుకోవాలి. ఈయన అడిగే తెచ్చారనుకున్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారంటారు. మా ఆయన భుజాలు కాదు కదా, కళ్లజోడు కూడా తడుముకోలేదు. ఆయన్ని పెరట్లోకి పిలిచి ఫోన్ చేతిలో పెట్టాను.

"ఏవండీ, మీరు చెట్టుకి కట్టేయమన్నది ఎవర్నో ఒకసారి చూడండి."

కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. "నాకు బట్టతల ఎక్కడుందే?" అన్నారు. దొంగతనం సంగతి తర్వాత, ముందు అదీ బాధ. వెనక్కి వెళ్లి ఆయన నడినెత్తిని ఫొటో తీసి చూపించాను.

"అయినా నా తోటలో నేను కోసుకుంటే దొంగతనం ఏంటి?"

"అదే గ్రూపులో రాయండి. కుర్రాళ్లు బయల్దేరారు."

"పరువు పోతుందే."

"మీకు పరువే పోతుంది. వాళ్లకి కూడు పోతుంది."

"ఆ ఫొటోలో ఉన్నది నేనే" అని రాశారు పాపం. సాక్ష్యంగా నడినెత్తి ఫొటో నేను జతచేశాను. కుర్రాళ్లు దారిలోంచే వెనక్కి తిరిగారు.

ఇక గ్రూపు నిండా నవ్వు బొమ్మలే. "మీరు కోసుకుంటే దొంగతనం ఏంటి బాబాయ్ గారూ" అని ఒకరు. తోట కొన్న వ్యాపారయితే, "ఇంకో సంచి పంపించమంటారా" అని అడిగాడు. కూలీని దొంగ అన్న మాటలన్నీ ఒక్కొక్కటే చెరిపేసుకున్నారు. అతనికి మాత్రం ఒక్కరూ ఒక్క మాట రాయలేదు.

ఆ భార్య నా పక్కనే నిలబడి అంతా చూసింది. వెళ్లబోతూ మా ఆయనకేసి తిరిగింది.

"ఒకవేళ నిజంగా మా ఆయనే కోసుంటే, అప్పుడూ ఇలాగే నవ్వేవాళ్లా అయ్యగారూ?"

మా ఆయన చెయ్యెత్తి నడినెత్తి తడుముకున్నారు.