తులసమ్మకు పట్టిన తెల్లపురుగు

ముందే చెప్పేస్తున్నాను, ఇది ఒక చెట్టుకు వైద్యం చేయబోయి దాన్ని చావు అంచుదాకా తీసుకెళ్లిన మనిషి కథ. ఆ మనిషిని నేనే. చెట్టు కూడా అలాంటిలాంటిది కాదు, మా అత్తమ్మ రోజూ పొద్దున్నే స్నానం చేసి చుట్టూ తిరిగి దండం పెట్టుకునే తులసి. సిరిసిల్లలో మా వాడకట్టు ఆడవాళ్లు ఇప్పటికీ నన్ను చూస్తే ముందు నవ్వుతారు, ఆ తర్వాతే పలకరిస్తారు. ఎందుకో వినండి.

అప్పటికి నాకు పెళ్లయి ఐదు నెలలు. మా పుట్టిల్లు కోరుట్ల. అక్కడ మా బాపుకు ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉంది. నేను చదివింది బీకాం. అయితే నేను కాపురానికి వచ్చిన కొత్తలో పక్కింటి రాజవ్వ తన నిమ్మచెట్టు ఆకులు ముడుచుకుపోతున్నాయని బాధపడితే, బాపును అడిగి ఒక మందు తెప్పించి ఇచ్చాను. చెట్టు తేరుకుంది. అంతే, ఆ రోజు నుంచి మా వీధికి మొక్కల డాక్టర్ని నేనే అయిపోయాను. అలా అని రాజవ్వ ఒకసారి అంది, నేను పదిసార్లు అనుకున్నాను.

కార్తీకం దగ్గర పడుతుండగా జగిత్యాలలో ఉండే మా ఆడబిడ్డకు రెండో కాన్పు వచ్చింది. సాయానికి వెళ్తూ అత్తమ్మ నన్ను పెరట్లో తులసి గద్దె దగ్గరికి పిలిచింది.

"బిడ్డా, వంటిల్లు నువ్వెట్ల వెట్టుకున్నా నేనేం అన. గీ తులసమ్మ మాత్రం పైలం. ద్వాదశి నాడు పెండ్లి జెయ్యాలె. వాడకట్టంత అస్తరు."

"మీరు ఫికర్ వెట్టుకోకుండ్రి అత్తమ్మా. మాది మందుల దుకాణం."

"మందులెందుకే? జరన్ని నీళ్లు వొయ్యి. ఇగ పొద్దున్నే తడిగుడ్డ తీస్కొని..."

"నాకన్నీ ఎరుకే అత్తమ్మా! ఆటో అచ్చింది, పోండ్రి."

అలా ఆ తడిగుడ్డ మాటను సగంలోనే తుంచి అత్తమ్మను ఆటో ఎక్కించాను. ఆ ఇంట్లో పూర్తిగా నా చేతికి అప్పగించిన మొదటి బాధ్యత ఆ తులసి. అంతవరకు కూరలో ఉప్పు నుంచి వాకిట్లో ముగ్గు దాకా అన్నీ అత్తమ్మ చూసి సరే అన్నాకే. ఇదొక్కటి చక్కగా చేసి చూపిస్తే ఈ ఇంట్లో నేనూ ఒక మనిషినవుతానని గట్టిగా అనుకున్నాను. లోపల భయం కూడా ఉందనుకోండి, కానీ దాన్ని బయటికి రానిచ్చే రకం కాదు నేను.

మర్నాడే నా తెలివి ఇంకో పక్కకు మళ్లింది. మా పెరటిని ఆనుకునే సాంచాల షెడ్డు. పవర్‌లూమ్‌లను ఇక్కడ సాంచాలంటారు. పొద్దంతా అవి టకటకమంటుంటే లోపల పని చూసుకునే మామ దగ్గుతూ ఉండేవారు.

"మామా, ఎనుక గోడకు ఫ్యాన్ వెట్టిద్దాం. లోపటి గాలినంత బయటికి గుంజుతది" అన్నాను.

పెట్టించారు. రెండు రోజుల్లో దగ్గు తగ్గింది. "కోడలు తెలివిగల్లది" అని మామ మా ఆయనతో అంటుంటే తలుపు చాటు నుంచి విన్నాను. ఇక నా కాళ్లు నేల మీద ఆనలేదు.

ఆ వారం గడవకముందే ఒక పొద్దున తులసికి నీళ్లు పోయబోయి ఆగిపోయాను. కొమ్మల సందుల్లో, వెన్నుల చుట్టూ తెల్లగా మెత్తగా ఏదో పట్టుకుని ఉంది. వెంటనే బాపుకు ఫోన్ చేశాను.

"బాపూ, తులసి చెట్టుకు తెల్లగ ఏందో వట్టింది."

"ఎట్లున్నది?"

"దూది లెక్క."

"దూది లెక్కనా? ఇగ అడుగుడేంది, పిండి నల్లి! మా దుకాణంలకు అచ్చే రైతులు సుత గదే మాటంటరు."

"ఇగ ఏం జెయ్యాలె?"

"పూజ జేసే చెట్టు, ఘాటు మందులు గొట్టకు. లీటరు నీళ్లల్ల ఒక్క చెంచ యాపనూనె, రెండు సుక్కలు సబ్బునీళ్లు కలుపు. పొద్దూకినంక కొట్టు. ఎండల గొట్టినవనుకో, ఆకు మాడుతది."

పాపం, ఇంత వివరంగా చెప్పాడు. అయినా ఒక్క చెంచాతో ఏ పురుగు చస్తుందని మూడు చెంచాలు పోశాను. సాయంత్రం దాకా ఆగితే అది పిల్లల్ని పెడుతుందని మిట్టమధ్యాహ్నమే కొట్టాను.

మర్నాడు తెలుపు రెట్టింపయింది. మళ్లీ కొట్టాను. ఆ మర్నాడు ఇంకా దట్టంగా పట్టింది. నూనె పెంచేకొద్దీ పురుగు పెరుగుతోంది! నాకు పంతం వచ్చింది. అదో నేనో తేలిపోవాలని రోజూ కొట్టడం మొదలుపెట్టాను. ఈలోగా ఆకులు పచ్చబడి రాలడం మొదలైంది.

రాజవ్వ గోడ మీది నుంచి తొంగిచూసింది. "ఏందే పిల్లా, తులసమ్మ గట్లయింది?"

"పురుగు రసం తాగుతున్నది రాజవ్వా. చెట్టుకు బలం సాల్తలేదు."

"మరెట్ల?"

"బలం వెడ్త!"

పిడికెడు యూరియా వేశాను. వేడి చేస్తుందేమోనని పూటకో బిందె నీళ్లు పోశాను. గద్దెలో నీళ్లు నిలబడి అందులో నా మొహం నాకే కనబడేది. నీళ్లు నిలిస్తే తులసి వేరు కుళ్లుతుందనీ, పైమట్టి ఆరాకే మళ్లీ పోయాలనీ ఇప్పుడైతే నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అప్పుడు మాత్రం బిందె నాది, బావి నాది అన్నట్టు పోశాను.

రోజూ జగిత్యాల నుంచి ఫోన్ వచ్చేది. "తులసమ్మ ఎట్లున్నదే?"

"నిగనిగలాడుతున్నది అత్తమ్మా."

అది పూర్తిగా అబద్ధం కాదు. అంత వేపనూనె పోస్తే రాయి అయినా నిగనిగలాడుతుంది. కానీ ఫోన్ పెట్టేశాక గద్దె వైపు చూడబుద్ధయ్యేది కాదు. ద్వాదశి దగ్గరికొస్తోంది, పెళ్లికూతురేమో పుల్లలుగా మిగిలింది.

ఇక లాభం లేదని బాపును రమ్మన్నాను. ఆయన వేములవాడలో బస్సు మారి, జేబులో భూతద్దంతో దిగాడు. దుకాణంలో రైతులు తెచ్చిన ఆకుల్ని చూసే అద్దం అది. గద్దె ముందు గొంతుకూర్చుని చాలాసేపు చూశాడు.

"బిడ్డా, కాళ్లు కనవడ్తలెవ్వు."

"ముడుసుకున్నయేమో బాపూ."

"మీసాలు సుత లెవ్వు."

"సచ్చినయేమో. రోజుకు మూడు చెంచల నూనె గొట్టిన."

"మూడా!" అని ఒకసారి నా వైపు చూసి, మళ్లీ అద్దంలోకి చూశాడు. "గంత నూనెకు సుత పోతలేదంటే గిది మామూలు పురుగు గాదు. కొత్త రకం. ఇప్పటిదాక ఎవ్వల కండ్ల వడనట్టున్నది."

ఆయన గొంతులో గర్వం వినబడింది. పురుగు పోతే పోనీ, కనిపెట్టిన పేరు మన ఇంటికే వస్తుందని నాకూ కొంచెం ధైర్యం వచ్చింది. ఇద్దరం జాగ్రత్తగా ఆ తెల్లదాన్ని గిల్లి ప్లాస్టిక్ కవర్లో వేస్తుండగా గేటు చప్పుడైంది.

చేతిలో సంచితో అత్తమ్మ. ఇంకా పది రోజులు జగిత్యాలలోనే ఉంటానన్న మనిషి.

"పిల్లగాడు, తల్లి మంచిగున్నరు. నాకే తులసమ్మ మీదికి మనసు గుంజింది" అంటూ వచ్చి గద్దె ముందు నిలబడిపోయింది. సంచి కింద పెట్టింది. రాలిన ఆకొకటి ఏరి చేతిలో పెట్టుకుంది. తిట్టినా బాగుండేది. నాకు ఏడుపు ఆగలేదు.

"అత్తమ్మా, పురుగు వట్టింది. రోజూ కొట్టిన. ఎంత జేసినా పోతలేదు."

"కొత్త రకం అక్కా" అన్నాడు బాపు, కవరు ఎత్తి చూపిస్తూ.

అత్తమ్మ ఆ కొమ్మ మీది నుంచి చిటికెడు తెల్లది గిల్లింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపింది. ఆ తర్వాత అరచేతిలో వేసి, పుట్టినప్పటి నుంచి నూలుతో బతికిన మనిషి కదా, ఒక్క రుద్దు రుద్దింది. మా కొత్త రకం పురుగు సాగింది. ఇంకోసారి రుద్దేసరికి చక్కటి ఒత్తి అయి కూర్చుంది.

అత్తమ్మ తలెత్తి గోడ వైపు చూసింది. "గా ఫ్యాన్ ఎప్పుడు వెట్టిర్రు?"

"మీరు పోయిన తెల్లారి."

"ఎవ్వలు వెట్టుమన్నరు?"

"నేనే."

ఆమె ఆ ఒత్తిని ప్రమిదలో పెట్టి అగ్గిపుల్ల గీసింది. అది భగ్గున అంటుకుంది.

"నూనె వోసే పని సుత లేకుంట జేసినవు బిడ్డా."

షెడ్డులోని నూలు నుసినంతా నా ఫ్యాను గుంజి తెచ్చి తులసి మీద పోసేది. నా నూనె దాన్ని ఊడకుండా అతికించేది. అంతకుముందు కిటికీలోంచి కొంచెం కొంచెం వచ్చే నుసిని అత్తమ్మ రోజూ తడిగుడ్డతో తుడిచేది. ఆరోజు ఆటో ఎక్కేముందు చెప్పబోయింది అదే. దూదితో బతికే ఇంట్లో నిలబడి నేను దూదిలా ఉందన్నాను, విన్న ఆయన పిండి నల్లి అన్నాడు. ఇద్దరం తెలివైనవాళ్లమే. బాపు మాత్రం భూతద్దం జేబులో వేసుకుంటూ "నేను ముందుగాలనే అన్న గద, కాళ్లు లెవ్వని" అన్నాడు.

ఆ సాయంత్రమే ఫ్యాను గాలి వీధి వైపు పోయేలా రేకు బిగించారు. అత్తమ్మ ఆకులు కడిగింది. మాడిన కొసల్ని, వెన్నుల్ని తుంచింది, అవి తుంచితేనే కొత్త కొమ్మలు వేస్తుందట. యూరియా మట్టి తీసి మంచి మట్టి పోసింది. గద్దెలో పూడిపోయిన నీటి తూము తెరిచింది. నన్ను పక్కనే నిలబెట్టుకుని చేసింది. ఈసారి తెలుసని నేనెక్కడా అనలేదు.

ద్వాదశి నాటికి పచ్చటి చిగుళ్లు వచ్చాయి, కానీ చెట్టు ఇంకా సగం బోడిగానే ఉంది. వాడకట్టంతా వచ్చారు. ఒకామె చూసి ఉండబట్టలేక "అయ్యో, తులసమ్మ గిట్లయిందేందక్కా?" అని అడిగేసింది. అందరూ నా వైపు తిరిగారు. రాజవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు గద్దె వెనక దాక్కోవాలనిపించింది.

అత్తమ్మ తులసికి పసుపు రాస్తూ తలెత్తకుండానే చెప్పింది. "పెండ్లిపిల్ల గద, మా కోడలు నూనె వెట్టి తలకు వోసింది. తొలిసారి గాబట్టి ఎన్ని దినాలు వొయ్యాల్నో తెల్వలే. ఇగ జుట్టు ఊడింది."

పెరడంతా నవ్వులతో దద్దరిల్లింది. నేనూ నవ్వాను. మా కోడలు అని అందరి ముందు ఆమె అంత ప్రేమగా అనడం అదే మొదటిసారి, అందుకే కళ్లు కూడా తుడుచుకున్నాను.

అందుచేత బాపు దుకాణం మీద ఒట్టేసి, వాడకట్టు ఆడవాళ్లందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ చెట్టు మీద ఏ తెల్లపురుగు కనబడినా ముందుగా దాన్ని అరచేతిలో వేసి రుద్ది చూస్తాను. ఒత్తి అయితే దీపం పెడతాను, కాకపోతేనే బాపుకు ఫోన్ చేస్తాను.