డబ్బా మీద రాసిన వయసు

మొన్న వేసవిలో నేను బందరు నుంచి గుడివాడలో మా అమ్మాయి ఇంటికి వెళ్ళాను. బస్సు దిగగానే అల్లుడు నన్ను ఇంటికి కాక తిన్నగా ఆటబొమ్మల కొట్టుకి తీసుకెళ్ళాడు. మనవడికి రెండేళ్ళు నిండాయి. ప్లేస్కూల్లో వెయ్యబోతున్నారు. ఇంటి దగ్గర బుర్రకి పని చెప్పే ఆటలు ఆడించమని అక్కడి టీచరమ్మ చెప్పిందట. ఆ ఆటేదో తాత చేతి మీదుగా కొనాలని వీళ్ళ ముచ్చట.

కొట్టాయన బల్ల నిండా డబ్బాలు పరిచాడు. ఒకదాంట్లో అంకెల బాట, ఒకదాంట్లో రంగుల చక్రం, ఒకదాంట్లో ఆవులూ కోళ్ళూ. అన్నిటి మీదా ఒకటే మాట, మీ పిల్లవాడి మెదడు పెరుగుతుందని. తిండి పెడితే పెరగదు కాబోలు!

అల్లుడు అంకెల బాట పట్టుకున్నాడు.

"అది నాలుగేళ్ళ వాళ్ళదండీ," అన్నాడు కొట్టాయన.

"మావాడు ఫాస్టండీ. ఫోను లాకు వాడే తీసేస్తాడు."

"అయితే ఇంకేం! ఇదే తీసుకెళ్ళండి," అన్నాడు కొట్టాయన. "ఈ కాలం పిల్లలకి మనం వయసు చూడకూడదండీ."

అల్లుడి మొహం వెలిగిపోయింది. నేను డబ్బా అందుకుని వెనక్కి తిప్పాను. అది నాకు పాత అలవాటు. అయిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. చల్లపల్లిలో ఎరువుల కొట్లో బస్తాలు మోస్తూ, పురుగుమందు డబ్బాల మీది సన్న అక్షరాలు కూడబలుక్కుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. మన ప్రాణానికి సంబంధించినది ఏదైనా సరే అంత సన్నగానే రాస్తారు. ఇక్కడ ఆ సన్న అక్షరాల మీద సరిగ్గా ధర చీటీ అంటించాడు. గోటితో గీకాను. కింద పసిపిల్ల మొహం బొమ్మ, దాని మీద అడ్డంగా ఎర్ర గీత. చిన్న ముక్కలున్నాయి, మూడేళ్ళలోపు పిల్లలకి ఇవ్వద్దు, గొంతుకి అడ్డం పడవచ్చు అని ఉంది.

"బాబూ, ఇది చూశావా?"

"అది అన్నిటి మీదా ఉంటుంది మావయ్యగారూ. రూలు కాబట్టి వేస్తారంతే."

"ఈ వయసు వాడి తెలివికి రాసింది కాదయ్యా, వాడి గొంతుకి రాసింది. తెలివెంత పెరిగినా గొంతు పెరగదు."

"పెద్దవారు, భయపడతారు," అన్నాడు కొట్టాయన అల్లుడి వైపు చూసి నవ్వుతూ. చీటీ అంటించింది వాడే. నాకు ఒళ్ళు మండిపోయింది. అల్లుడు మాత్రం ఆ డబ్బానే కొన్నాడు.

ఇంటికెళ్ళి విప్పారు. అట్ట మీద అంకెల గళ్ళు, రెండు పాచికలు, ఎరుపూ పచ్చా కాయలు. ఒక్కో కాయ నున్నగా, చింతపిక్కంత ఉంది. మనవడు కూర్చుని ఒక ఎర్ర కాయ తీసుకుని, గడిలో పెట్టి, "ఓతి" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు చేతులు రాలేదు.

మాది దివిసీమ. నా చిన్నప్పుడు మా అమ్మ మధ్యాహ్నం పనయ్యాక ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో ఆడడానికి అరుగు మీద వామనగుంటల పీట వేసేది. చెక్కలో తొలిచిన గుంటలు, వాటినిండా చింతపిక్కలు. చెల్లెల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఒక్కో గుంటలో ఒక్కో పిక్క వేయిస్తూ "ఒకటి, రెండు" అనిపించేది. మా అమ్మకి చదువు లేదు. కూతురికి లెక్క రావాలని ఆశ. చెల్లెలికి అప్పటికి మాటలు కూడా సరిగ్గా తిరగవు.

ఒకరోజు అది పిక్క నోట్లో పెట్టుకుంది. ఎప్పుడు పెట్టుకుందో ఎవరూ చూడలేదు. దగ్గడం మొదలుపెట్టింది. ఆడుతున్న ఆడవాళ్ళందరూ లేచారు. మా వైపు రోజూ చేపే. గొంతులో ముల్లు దిగితే ఏం చెయ్యాలో ఊళ్ళో పసిపిల్లకి కూడా తెలుసు. నమలకుండా ఒక అన్నం ముద్ద మింగితే దాంతోపాటు ముల్లు దిగిపోతుంది. ఆ తెలిసిన పనే చేశారు. "ముద్ద పెట్టవే, జారిపోద్ది," అన్నారు. అమ్మ లోపలికి పరిగెత్తి, ముద్ద చేసి తెచ్చి, దాని నోట్లో కుక్కింది.

దగ్గు ఆగింది. జారిపోయిందనుకుని ఒకావిడ "అమ్మయ్య" కూడా అంది. తరవాత దాని పెదాలు నల్లబడ్డాయి. కాలవ అవతల ఉన్న డాక్టరు దగ్గరికి మా నాన్న ఎత్తుకుని పరిగెత్తాడు. పడవ ఎక్కేలోపే అయిపోయింది.

ఆయువు తీరిందన్నారు, దిష్టన్నారు. ముద్ద మాట ఎవరూ అనలేదు. అమ్మకి మాత్రం తెలుసు. ఆ తరవాత ఆవిడ ఎవరికీ, నాకు జ్వరమొచ్చినా సరే, చేత్తో ముద్ద కలిపి పెట్టలేదు. కంచంలో పెట్టి ఎదురుగా కూర్చునేది.

ఇదంతా మనసులో తిరుగుతుండగానే మా వియ్యపురాలు మనవడికి అన్నం పెట్టడానికి కూర్చుంది. బొచ్చె చేప ముక్క వేళ్ళతో నలిపి, వెంట్రుక లాంటి ముల్లు కూడా వదలకుండా ఏరుతోంది. వాడి పిడికిట్లో ఎర్ర కాయ అలాగే ఉంది.

"చెల్లెమ్మగారూ, ఆ కాయ వీడి గొంతులో పడిందనుకోండి. ఏం చేస్తారు?"

ఆవిడ తలెత్తలేదు. "ఏముందన్నయ్యగారూ, ఒక ముద్ద మింగిస్తే జారిపోద్ది."

అదే మాట. ఊళ్ళకి రోడ్లు పడ్డాయి, వంతెనలొచ్చాయి, ప్రతి చేతిలో ఫోను వచ్చింది. ముల్లు గుచ్చుకునేది తిండి దారిలో, కాయ అడ్డం పడేది ఊపిరి దారిలో, దాని మీద ముద్ద కుక్కితే ఉన్న కాస్త ఊపిరీ ఆగుతుంది. ఈ ఒక్క సంగతి ఇన్నేళ్ళలో ఏ ఇంటి గడపా తొక్కలేదు! పిల్లల మెదడు పెంచుతామని డబ్బాలకి డబ్బాలు అమ్ముకునేవాళ్ళు గొంతుకి అడ్డం పడుతుందన్న మాటనే చీటీ కింద దాస్తారు.

కోపంలో చెప్పానో ఏడుస్తూ చెప్పానో తెలియదు గానీ, చెల్లెలి సంగతి మొత్తం చెప్పాను. మా అమ్మాయికి నాకో చెల్లెలుండేదని తెలుసు, ఎలా పోయిందో తెలియదు. వియ్యపురాలి చేతిలో ముద్ద వాడి నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. మా అమ్మాయి లేచి వాడి పిడికిలి విప్పింది. కాయలూ పాచికలూ ఏరి కవర్లో మూటకట్టి బీరువాలో పెట్టి తాళం వేసింది. మర్నాడు తనే వెళ్ళి, ఒక్కో ముక్కా తన పిడికిలంత ఉందో లేదో చూసుకుని మరీ, పెద్ద పెద్ద చెక్క ముక్కల ఆట తెచ్చింది.

"అది ఏడాది పిల్లలదే," అన్నాడు అల్లుడు ముభావంగా.

"ఉండనివ్వండి. వాడు బతికుంటే ఎదుగుతాడు," అంది.

ఆట సంగతి అలా తేలింది. ముద్ద సంగతి తేలలేదు. చెక్క ముక్కలు కాకపోతే వేరుశనగ గింజ ఉంది, చొక్కా గుండీ ఉంది. ఆ సాయంత్రం వియ్యపురాలే నా దగ్గరికి వచ్చింది.

"మరి ఏం చెయ్యాలన్నయ్యగారూ?"

దిండు ఒకటి తెమ్మన్నాను. పిల్లవాడు దగ్గగలుగుతుంటే దగ్గనివ్వాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, వేలు కూడా. దగ్గు రాక, ఊపిరాడక కొట్టుకుంటుంటే ముందుకి బాగా వంచి, వీపు మీద రెండు రెక్కల నడుమ అరచేతి మొదలుతో చరవాలి, ఒకళ్ళు అంబులెన్సుకి ఫోను చెయ్యాలి అని చెప్పాను. ఆసుపత్రిలో నర్సమ్మని అడిగి నేర్చుకున్నాను, అరవై దాటాక. దిండుని వంచి చూపించాను.

ఆవిడ దిండుని ఒళ్ళోకి తీసుకుంది. బోర్లా వంచి, జోకొట్టినట్టు తట్టింది.

"అలా కాదు. గట్టిగా."

"పసివాణ్ణి అంత దెబ్బ ఎలా కొడతానండీ?"

"కొట్టాలి."

మళ్ళీ తట్టింది. చెయ్యి పైకి బలంగానే లేస్తోంది, దిగేసరికి మెత్తబడిపోతోంది. మా అమ్మ చెయ్యీ అంత మెత్తనిదే. మనవడు వచ్చి, నానమ్మ ఆట ఏదో ఆడుతోందనుకుని, నవ్వుతూ దిండు మీద దబదబా బాదాడు.

"అదీ, వాడిలాగా," అన్నాను. "మళ్ళీ కొట్టండి."