నొక్కినా పోని చుక్కలు

చీరాల నుంచి ఒంగోలు వెళ్లే బస్సులో నాలుగేళ్ల మా పాప నా ఒళ్లో జ్వరంతో మూలుగుతోంది. పొద్దున రెండుసార్లు వాంతి చేసుకుంటే ఎండదెబ్బేమో అనుకున్నాను. కిటికీలోంచి వెలుతురు పడితే చాలు, కళ్లు మూసుకుని ఏడుస్తోంది.

పక్కన కూర్చున్న పెద్దావిడ మిరపకోతకు వెళ్లొస్తున్నట్టుంది. "మెడ వంచుద్దా అమ్మా?" అని అడిగింది. వంచబోతే పాప కెవ్వుమంది. ఆవిడ పాప పాదాలు పట్టుకు చూసింది. ఒళ్లు కాలిపోతున్నా పాదాలు చల్లగా ఉన్నాయి. అరికాలి మీద ఎర్రటి చుక్కలు నేనప్పుడే చూశాను.

ఆవిడ తన కళ్లజోడు తీసి, అద్దాన్ని ఆ చుక్కల మీద గట్టిగా అదిమింది.

"చూడు, నొక్కినా పోవట్లా. మామూలు దద్దురైతే నొక్కితే పోద్ది. మా మనవడికి ఇట్టాంటియ్యే వస్తే మేం తట్టు అనుకున్నామమ్మా."

ఆ పిల్లాడు ఏమయ్యాడని అడగడానికి నాకు నోరు రాలేదు.

ఆవిడ లేచి నిలబడి, "డ్రైవరూ, పెద్దాసుపత్రి కాడ ఆపయ్యా! బిడ్డ ప్రాణం మీదకొచ్చింది!" అని అరిచింది. నేను దిగుతుంటే, "నొక్కినా పోవట్లేదని డాక్టరుకి ముందు అదే చెప్పు" అంది.

అదే చెప్పాను. పాపను పరుగున లోపలికి తీసుకెళ్లి సూది వేశారు. మెదడు పొరలకు వాపట, రక్తం కూడా విషమైందట. "చుక్కలు కనపడేదాకా ఆగకూడదమ్మా" అన్నాడు డాక్టరు. ఆ రోజంతా తలుపు బయటే నిలబడ్డాను.

పాప బతికింది. ఎడమ చెవి మాత్రం వినపడదు. ఇప్పుడు కుడిపక్కకు వెళ్లి పిలుస్తాను. పలికేదాకా ఊపిరి బిగబట్టుకునే ఉంటాను.